ఇంటి వినోదం - ఇంటి లెక్క



కొన్నేళ్లుగా మన ఇళ్లలో ఒక మాట తరచుగా వినిపిస్తోంది. "కేబులు తీయించేద్దాం, అన్నీ ఇంటర్నెట్టులోనే వస్తున్నాయి కదా" అని పిల్లలు అంటారు. "మరి నా సీరియల్ సంగతేమిటి?" అని పెద్దవాళ్లు అడుగుతారు. "అసలు ఏది చౌక?" అని ఇల్లు నడిపేవారు ఆలోచిస్తారు. యానాం అగ్రహారంలోనైనా, పక్కనున్న కాకినాడ, కోనసీమ జిల్లాల ఊళ్లలోనైనా ఈ ప్రశ్న ఒక్కటే. ఈ నాలుగు మాటలూ ఆ మూడో ప్రశ్న గురించి. మీ దగ్గర ఒక కాగితం, పెన్సిలు ఉంటే తీసుకోండి. అంకెలు నెమ్మదిగా చెబుతాను.

ముందుగా కొంచెం వెనక్కి చూద్దాం. ఒకప్పుడు రేడియోకు కూడా లైసెన్సు ఉండేదని పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఏటా పోస్టాఫీసుకు వెళ్లి, రుసుము కట్టి, లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకునేవారు. 1980ల నడుమ ఆ లైసెన్సు పోయింది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. మన గోదావరి ప్రాంతపు ఇళ్లకు బొమ్మ చేరడానికి మరికొన్నేళ్లు పట్టింది. డాబా మీద యాంటెన్నా నిలబెట్టి, ఒకరు పైన తిప్పుతూ ఉంటే, మరొకరు కిందనుంచి "వచ్చింది, వచ్చింది" అని కేకలు వేసిన రోజులవి. 1990ల మొదట్లో వీధి వీధికీ కేబుల్ వచ్చింది. 1995లో జెమిని, ఈటీవీ ప్రారంభమయ్యాయి. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల చట్టం కూడా ఆ ఏడాదిదే.

అప్పటినుంచి ఇంటి బడ్జెట్టులో కేబుల్ బిల్లు ఒక పద్దు అయింది. ఆ పద్దులో ఒక సుగుణం ఉంది. అది కళ్లకు కనిపించే ఖర్చు. నెలకొకసారి మనిషి గుమ్మంలోకి వస్తాడు, డబ్బు తీసుకుంటాడు, వెళతాడు. ఎంత ఇచ్చామో ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఎక్కువనిపిస్తే అక్కడే అడుగుతాం. కొత్త పద్ధతిలో ఖర్చు అలా ఒక్కచోట కనిపించదు. ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్క ఇంటర్నెట్టు బిల్లులో, ఒక ముక్క కొడుకు ఫోనులో, ఒక ముక్క కోడలి బ్యాంకు ఖాతాలో, ఇంకో ముక్క ఫోను రీచార్జిలో. ఏది చౌక అన్న ప్రశ్నకు జవాబు దొరకాలంటే, ఆ ముక్కలన్నీ ఏరి ఒకే కాగితం మీద పెట్టాలి. నేను చెప్పదలచినది ముఖ్యంగా ఇదే.

మొదట కేబుల్ లెక్క వేద్దాం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన కొత్త ధరల పద్ధతి 2019 ఫిబ్రవరి నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం మన బిల్లులో మూడు భాగాలు ఉంటాయి. ఒకటి, తీగ ద్వారా ఛానెళ్లు ఇంటికి తెచ్చినందుకు ఇచ్చే రుసుము. అది అప్పట్లో గరిష్ఠంగా 130 రూపాయలు. రెండు, మనం ఎంచుకున్న పే ఛానెళ్ల ధర. మూడు, ఈ రెండింటి మీద 18 శాతం జీఎస్టీ. మొదటి భాగానికి ఉన్న 130 రూపాయల పరిమితిని 2024 జూలైలో ట్రాయ్ ఎత్తివేసింది. కనుక ఇప్పుడు మీ ఆపరేటరు ఎంత తీసుకుంటున్నాడో అడిగి తెలుసుకోవడం మరింత అవసరం.

ఉదాహరణకు రుసుము 130, పే ఛానెళ్లకు 120 అనుకుందాం. మొత్తం 250. దాని మీద 18 శాతం పన్ను 45 రూపాయలు. నెలకు 295. పన్నెండు నెలలకు 3,540 రూపాయలు. కాగితం మీద ఎడమవైపు ఈ 3,540 రాయండి. మీ బిల్లు వేరుగా ఉంటే మీ అంకె రాసుకోండి. ఈ శాతాలు బడిలో పిల్లలు నేర్చుకునే లెక్కలే. ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లవాడు ఉంటే వాడిచేత వేయించండి. పాఠం వస్తుంది, ఇంటి ఖర్చు కూడా తెలుస్తుంది.

ఇప్పుడు కుడివైపుకు వద్దాం. ఇంటర్నెట్టు ద్వారా సినిమాలు, సీరియళ్లు అందించే సంస్థలను ఓటీటీలు అంటున్నాం. కేబుల్ తీయించిన ఇంట్లో మొదట ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఒక్క కేబుల్ తీగ మీద మనకు స్టార్ మా, జీ తెలుగు, జెమిని, ఈటీవీ నాలుగూ వస్తాయి. ఓటీటీలో ఆ నాలుగూ నాలుగు ఇళ్లలో కాపురం ఉన్నాయి. స్టార్ మా సీరియళ్లకు జియో హాట్‌స్టార్, జీ తెలుగుకు జీ5, జెమినికి సన్ నెక్స్ట్, ఈటీవీకి ఈటీవీ విన్. తెలుగు సినిమాల కోసం 2020 ఉగాదికి వచ్చిన ఆహా ఒకటి, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ ప్రైమ్ మరి రెండు. హాలులో ఆడిన సినిమా ఏ గూటిలో వాలుతుందో ముందు తెలియదు. అన్నీ కావాలంటే అందరికీ చందా కట్టాలి. కేబుల్‌లో ఏ ఛానెల్ కావాలో ఎంచుకునేవాళ్లం. ఇక్కడ ఏది వద్దో ఎంచుకోవాలి. అది నేర్చుకోకపోతే ఆదా మాట అటుంచి, ఖర్చు పెరుగుతుంది.

ఒక మూడింటి ధర చూద్దాం. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో ధరలు తగ్గించినప్పుడు ఒక తెర మీద చూసే బేసిక్ చందా నెలకు 199 రూపాయలు చేసింది. ఏడాదికి 2,388. అమెజాన్ ప్రైమ్ ఏడాది చందా అదే నెలలో 1,499 అయింది. హాట్‌స్టార్, జియో సినిమా కలిసిపోయి 2025 ఫిబ్రవరిలో జియో హాట్‌స్టార్ అయినప్పుడు, రెండు తెరల మీద చూసే సూపర్ చందా ఏడాదికి 899. ఈ మూడూ కలిపితే 4,786 రూపాయలు. ఈ ధరలు మారుతూనే ఉంటాయి. కట్టే రోజున ఉన్న ధర వేసుకోండి. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

కానీ చందా ఒక్కటే ఖర్చు కాదు. అది ఇంటికి రావాలంటే ఇంటర్నెట్టు కావాలి. 2020 సెప్టెంబరులో జియో ఫైబర్ 399 రూపాయల ప్రణాళిక తెచ్చింది. పన్నుతో కలిపి అది నెలకు సుమారు 471. ఏడాదికి 5,650. చందాలకు 4,786, ఇంటర్నెట్టుకు 5,650, మొత్తం 10,436 రూపాయలు. ఎడమవైపు రాసిన కేబుల్ అంకె ఎంత? 3,540. అంటే దాదాపు మూడు రెట్లు. కేబుల్ తీయించి డబ్బు మిగిల్చామనుకున్న ఇంట్లో జరిగింది ఇదీ.

"ఫోనులో డేటా ఉంది కదా, దాన్నే టీవీకి కలిపితే సరిపోదా?" అనే వారున్నారు. మామూలు నాణ్యతతో వీడియో చూసినా గంటకు ఒక జీబీ వరకు ఖర్చవుతుంది. మంచి నాణ్యత కావాలంటే మూడు జీబీ దాకా పోతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే రీచార్జితో ఒక సినిమా కూడా పూర్తి కాదు. పైగా ఈ రీచార్జిల్లో చాలావాటికి నెల అంటే 28 రోజులే. 365 రోజులను 28తో భాగిస్తే 13 వస్తుంది. అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు కడుతున్నాం. 299 రూపాయల రీచార్జి అయితే ఏడాదికి 3,588 కాదు, 3,887. ఆ పదమూడో నెల క్యాలెండరులో ఉండదు, మన జేబులోంచి మాత్రం పోతుంది.

అయితే ఓటీటీ అందరికీ నష్టమేనా? కాదు. ఇల్లును బట్టి జవాబు మారుతుంది. మూడు రకాల ఇళ్లు ఊహించుకుందాం.

మొదటి ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు ఉన్నారు. పొద్దున్న భక్తి కార్యక్రమం, మధ్యాహ్నం వార్తలు, రాత్రి రెండు సీరియళ్లు. ఇంట్లో ఇంటర్నెట్టు లేదు, దాని అవసరమూ లేదు. ఈ ఇంటికి కేబులే చౌక, కేబులే సుఖం. వీరు చేయవలసినది ఒక్కటే. చూడని ఛానెళ్లకు కూడా డబ్బు కడుతున్నారేమో చూసుకోవడం. ప్యాకేజీ మొత్తం తీసుకోనక్కరలేదు. ఛానెల్‌ను విడిగా ఎంచుకునే హక్కు వినియోగదారుడికి ఉంది. బిల్లులో రుసుము ఎంత, ఛానెళ్ల ధర ఎంత, పన్ను ఎంత అని విడివిడిగా అడగండి.

రెండో ఇంట్లో కాలేజీ చదువుల పిల్లలున్నారు. చదువు కోసమో, ఫ్రాన్సులోనో గల్ఫులోనో ఉన్న కొడుకుతో వీడియోలో మాట్లాడటానికో ఇంటర్నెట్టు ముందే పెట్టించుకున్నారు. ఈ ఇంట్లో ఆ 5,650 టీవీ ఖాతాలో రాయకూడదు. టీవీ ఉన్నా లేకపోయినా అది కట్టేదే. ఇక్కడ పోటీ కేబుల్ 3,540కీ చందాలకీ మధ్యనే. మూడు చందాలూ పెట్టుకుంటే 4,786. అప్పుడు కూడా 1,246 ఎక్కువే. ప్రైమ్, హాట్‌స్టార్ రెండే పెట్టుకుంటే 2,398. అప్పుడు 1,142 మిగులుతుంది. హాట్‌స్టార్ ఏడాదికి, నెట్‌ఫ్లిక్స్ వేసవిలో నాలుగు నెలలకు మాత్రమే తీసుకుంటే 899, 796 కలిపి 1,695. మిగులు 1,845. ఒకటి చూడటం అయ్యాక దాన్ని ఆపి మరొకటి తీసుకోవడం అన్నమాట. కూరగాయల మడిలో ఏడాది పొడుగునా అన్ని పంటలూ వేయం కదా. ఏ కాలానికి ఆ పంట.

మూడో ఇల్లు అద్దెది. భార్యాభర్తలు కూలికో, చేపల వేటకో పోతారు. ఇంట్లో రెండు ఫోన్లు, పాత టీవీ. వీరికి కేబుల్ బిల్లు కూడా బరువే. ఇలాంటి ఇంటికి దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ ఉంది. 2004లో మొదలైన ఈ సేవకు నెలవారీ రుసుము లేదు. డిష్‌కీ, బాక్సుకీ ఒక్కసారి పెట్టే ఖర్చే. అయితే మీరు చూసే ఛానెల్ అందులో ఉన్నదీ లేనిదీ ముందు చూసుకుని కొనండి. 2024 నవంబరులో ప్రసార భారతి వేవ్స్ అనే యాప్ తెచ్చింది. దూరదర్శన్, ఆకాశవాణి కార్యక్రమాలు అందులో ఫోనులోనే అందుతాయి.

కనుక శ్రోతలారా, ఏది చౌక అనే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. టీవీ సంగతి అలా ఉంచితే, మన ఇంట్లో ఇంటర్నెట్టు ఎలాగూ ఉంటుందా? ఉంటుందంటే ఓటీటీ గురించి ఆలోచించవచ్చు. లేదంటే, టీవీ కోసమే ఇంటర్నెట్టు పెట్టించడం కోడిగుడ్డు కోసం కోళ్లఫారం కొన్నట్టు అవుతుంది.

మన సరిహద్దు ప్రాంతంవారు జాగ్రత్తపడవలసిన సంగతి ఇంకొకటి ఉంది. యానాం పిన్ కోడ్ 533తో మొదలవుతుంది. ఫోను కోడ్ కాకినాడదే, 0884. మాట ఒకటే, సీరియల్ ఒకటే. ప్రభుత్వం మాత్రం పుదుచ్చేరిది. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫైబర్ గ్రిడ్‌ను రాష్ట్రపతి చేత ప్రారంభింపజేసినప్పుడు టీవీ, ఇంటర్నెట్టు, ఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయలని ప్రకటించింది. ఆ పథకం ఆంధ్రప్రదేశ్ ఇళ్ల కోసం పెట్టినది. పక్క ఊరి బంధువు చెప్పిన ధర మన వీధికి వర్తిస్తుందనుకోకూడదు. ఏ సంస్థ తీగ మన వీధిదాకా వచ్చింది, ఎంతకు ఇస్తుంది, చెడిపోతే ఎంతసేపట్లో మనిషి వస్తాడు, ఈ మూడూ మన వీధిలోనే విచారించాలి.

బంధువుల మాట వచ్చింది కనుక మరొకటి. కాకినాడ అన్నయ్య చందా కడితే యానాంలో చెల్లెలు చూడవచ్చని కొందరు లెక్క వేస్తారు. ఒక ఇంటి పాస్‌వర్డును మరో ఇంట్లో వాడటాన్ని నెట్‌ఫ్లిక్స్ 2023 జూలై నుంచి మన దేశంలో ఆపడం మొదలుపెట్టింది. ఆ ఆదాను లెక్కలోకి తీసుకోకండి.

ఉచితం అన్న మాటను కూడా కాస్త ఆగి వినాలి. 2023, 2024 సంవత్సరాల్లో ఐపీఎల్ క్రికెట్ జియో సినిమాలో ఉచితంగా చూశాం. 2025లో ఆ ఉచితం కొద్ది నిమిషాలకే పరిమితమైంది. ఆ తరువాత చందా కట్టమన్నారు. అమెజాన్ ప్రైమ్‌లో చందా కట్టినవారికి ప్రకటనలు ఉండేవి కావు. 2025 జూన్ నుంచి అవీ వచ్చాయి. అవి వద్దంటే ఏడాదికి మరో 699 కట్టమన్నారు. గాలానికి ఎర ఎందుకు గుచ్చుతారో గోదావరి ఒడ్డున ఉన్న మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అన్నిటికంటే పెద్ద చిల్లు, దానంతట అదే కట్టుకుపోయే చందా. మొదటి నెల తక్కువ ధర అంటారు. ఖాతా వివరాలు ఇస్తాం. తరువాత మరచిపోతాం. నెల నెలా డబ్బు పోతూనే ఉంటుంది. 2021 అక్టోబరు నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇలా డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు మనకు సందేశం రావాలి. ఆ సందేశాన్ని చదవకుండా తుడిచేయకండి. వద్దనుకుంటే యూపీఐ యాప్‌లోని ఆటోపే పట్టీలోకి వెళ్లి అక్కడే ఆపవచ్చు. సులువుగా చేర్చుకుని, బయటికి పోనీయకుండా తిప్పలు పెట్టే పద్ధతిని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో తప్పుడు వ్యాపార పద్ధతుల జాబితాలో చేర్చింది. అలాంటి ఇబ్బంది కలిగితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఇప్పటిదాకా రూపాయల లెక్క చెప్పుకున్నాం. కాగితం మీదికి రాని లెక్క కూడా ఒకటుంది. కేబుల్ ఉన్న టీవీకి ఒక మీట నొక్కితే బొమ్మ వస్తుంది, మరో మీట నొక్కితే ఛానెల్ మారుతుంది. డెబ్బై అయిదేళ్ల అత్తగారు ఎవరినీ అడగకుండా తన సీరియల్ తను పెట్టుకుంటారు. ఓటీటీ తెర అలా కాదు. యాప్ తెరవాలి, పేరు ఎంచుకోవాలి, ఇంగ్లీషులో ఉన్న పట్టీ చదవాలి. పొరపాటున ఏదైనా నొక్కితే వేరే లోకంలోకి వెళ్లిపోతుంది. తెలుగు మాత్రమే చదివేవారికి, చదువు రానివారికి అది మూసిన తలుపే. పగలు ఇంట్లో ఎక్కువసేపు ఉండేది ఆవిడే. కొడుకు ఆఫీసునుంచి వచ్చేదాకా తెర నల్లగా ఉంటే, ఏడాదికి మిగిలిన వెయ్యి రూపాయలు ఎవరికి మిగిలినట్టు? మార్చాలనే నిర్ణయించుకుంటే, ముందు ఆవిడకు నేర్పండి. ఇప్పటి రిమోట్లలో చాలావాటికి మాట విని పనిచేసే మీట ఉంటుంది. యాప్ భాషను తెలుగులోకి మార్చే వీలుంటే మార్చండి. నొక్కవలసిన మీటల వరుసను పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి టీవీ పక్కన అతికించండి. చదువు రానివారికి మీట మీద ఒక చుక్క బొట్టు బిళ్ల అంటించినా చాలు.

పిల్లల వైపునుంచి కూడా ఒక మాట చెప్పాలి. హాలులో టీవీ ఒకటే ఉన్నప్పుడు పిల్లవాడు ఏం చూస్తున్నాడో అందరికీ కనిపిస్తుంది. చందా ఫోనులోకి వెళ్లాక ఎవరి తెర వారిది, ఎవరి గది వారిది. పరీక్షల ముందు రాత్రి రెండింటిదాకా వరుసగా భాగాలన్నీ చూసి, పొద్దున్న తరగతిలో జోగే పిల్లల్ని ఉపాధ్యాయులు చూస్తూనే ఉన్నారు. ఓటీటీ పెట్టుకున్న ఇంట్లో పిల్లల కోసం వేరే ప్రొఫైలు, దానికి వయసు పరిమితి, తాళం అంకె పెట్టుకునే వీలుంది. పెట్టించిన రోజునే అది చేయండి. రేపు చేద్దామనుకుంటే జరగదు.

ఇక కేబుల్ ఆపరేటరు సంగతి. చాలా ఊళ్లలో మంచినీళ్లు రాని రోజు, జాతర ఊరేగింపు, వరద హెచ్చరిక, చనిపోయినవారి కర్మ వివరాలు స్థానిక కేబుల్ ఛానెల్‌లోనే తెలుస్తాయి. అవి ఏ ఓటీటీలోనూ రావు. ఇప్పుడు కేబుల్ ఆపరేటర్లలో చాలామంది ఇంటర్నెట్టు కూడా ఇస్తున్నారు. తీయించే ముందు, రెండూ కలిపి ఎంతకు ఇస్తావని మీ ఆపరేటరునే అడగండి. ఇద్దరికీ లాభించే బేరం కుదరవచ్చు.

చివరగా చేయవలసిన పని వరుసగా చెబుతాను. ఇంట్లో ఎవరు ఏం చూస్తున్నారో ఒక వారం రాయండి. కేబుల్, ఇంటర్నెట్టు, చందాలు, ఫోను రీచార్జిలు అన్నీ ఏడాది లెక్కగా మార్చండి. పాత టీవీ అయితే దానికి తగిలించే పరికరం ధరను కూడా కలపండి. తరువాత కేబుల్‌ను ఒక నెలపాటు ఆపించి చూడండి. తాత్కాలికంగా ఆపించుకునే వీలు నిబంధనల్లో ఉంది. ఏరు దాటక ముందే తెప్ప తగలేసుకోకూడదు. ఆ నెలలో ఇంట్లో ఎవరూ చిన్నబుచ్చుకోకపోతే అప్పుడు తీగ తీయించండి. చిన్నబుచ్చుకుంటే మళ్లీ పెట్టించుకోండి. ఏడాదికొకసారి, ఉగాదికో సంక్రాంతికో ఆ కాగితం మళ్లీ తీసి చూడండి. ధరలు మారతాయి, పిల్లలు పెద్దవాళ్లవుతారు, అవసరాలూ మారతాయి.

ఏ దారి ఎంచుకున్నా ఒక చిన్న రేడియో, రెండు బ్యాటరీలు మాత్రం ఇంట్లో ఉంచుకోండి. 1996 నవంబరు తుపానును చూసినవారికి ఎందుకో చెప్పనక్కరలేదు. స్తంభాలు కూలిన రాత్రి కేబుల్ తీగా ఉండదు, ఫైబర్ తీగా ఉండదు. అప్పుడు మాట వినిపించేది ఇదే. దీనికి చందా కూడా లేదు.